గడ్డకట్టిన నేల, మార్చి వరద: ఫార్గో వైపు ఉండేవాళ్ళు అక్టోబర్ నుంచే ఏం గమనించాలి

ఫార్గోకి వచ్చిన మొదటి ఏడాది, ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాన్నకి ఫోన్ చేసి, ఇక్కడ నేల మూడు నాలుగడుగుల లోతు దాకా గడ్డకట్టిపోయింది, మంచు కరిగితే నది పొంగుతుందని అందరూ అంటున్నారు, కొంచెం టెన్షన్‌గా ఉంది అన్నాను. ఆయన అద్దంకి దగ్గర నల్లరేగడిలో శనగ వేసే రైతు, మంచు కురవడం కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. కాసేపు ఊరుకుని, "గడ్డకట్టక ముందు నేల పదును మీద ఉందా, ఆరి ఉందా?" అని అడిగారు. పదును అంటే మట్టిలో నిలిచిన తేమ. నా దగ్గర జవాబు లేదు, అసలు ఆ మాట ఎందుకు అడిగారో కూడా తెలియలేదు. తర్వాత ఏటా చదువుకుంటూ, పెరట్లో కొలుచుకుంటూ, ఇక్కడి వరద అంచనాలు చూసుకుంటూ వస్తుంటే అర్థమైంది, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే. ఎంత లోతు గడ్డకట్టింది అన్నది దాని తర్వాత ప్రశ్న.

ఉత్తర డకోటా, మిన్నెసోటా సరిహద్దున పారే రెడ్ రివర్ వెంబడి, అంటే ఫార్గో, మూర్‌హెడ్, గ్రాండ్ ఫోర్క్స్, ఇంకా పైన కెనడాలో విన్నిపెగ్ దాకా, చదువుకి గానీ ఉద్యోగానికి గానీ కొత్తగా వచ్చిన మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒమాహా, డెమోయిన్ వైపు ఉన్నవాళ్ళకీ చాలావరకు పనికొస్తుంది. ముఖ్యంగా అద్దె తక్కువని బేస్‌మెంట్‌లో దిగినవాళ్ళు మొత్తం చదవండి.

ఒకే చలి, రెండు రకాల నేల

మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో నీళ్ళు నిండి ఉండగా చలి పట్టిందంటే ఆ నీరంతా ఐసై సందులు మూసుకుపోతాయి, నేల సిమెంటు గచ్చులా తయారవుతుంది, దాన్ని ఇక్కడ కాంక్రీట్ ఫ్రాస్ట్ అనే అంటారు. అదే సందులు ఖాళీగా ఉండగా చలి పట్టిందనుకోండి, మట్టి ఎంత చల్లబడినా దారులు తెరుచుకునే ఉంటాయి, కరిగిన నీరు చాలావరకు దిగిపోతుంది. థర్మామీటరు పెడితే రెండు నేలలూ ఒకే సంఖ్య చూపిస్తాయి. "నేల గడ్డకట్టింది" అనే ఒక్క మాట విని భయపడ్డా తప్పే, నిశ్చింతగా ఉన్నా తప్పే.

ఇందులో ఒక మెలిక ఉంది, కొత్తవాళ్ళు దీని దగ్గరే పొరబడతారు. తడి నేల గడ్డకట్టడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే కిలో నీరు ఐసు కావాలంటే 334 కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. అందుకని అదే చలికాలంలో పొడి నేల లోతుగా, తడి నేల పైపైనే గడ్డకడుతుంది. లోతు తక్కువ కదా అని తడి నేలని వదిలేస్తాం, వరదకి అసలు కారణం అదే అవుతుంది. రెండడుగుల గచ్చు నీటిని ఎలా ఆపుతుందో ఐదడుగుల గచ్చూ అలాగే ఆపుతుంది. ఆపేది మందం కాదు, సందులు మూసుకోవడం.

కెనడాలో సస్కాచ్వాన్ యూనివర్సిటీలో డాన్ గ్రే, ఆయన సహచరులు 1980లలో దీన్ని మూడు రకాలుగా విడగొట్టారు. నీరు దాదాపు దిగని నేల, కొంత దిగి కొంత పారే నేల, పోసినదంతా మింగే నేల. మూడో రకం అంటే పెద్ద పెద్ద నెర్రెలున్న ఎండిన బంకమట్టి. ఇక్కడ నాకు ఒక్కసారిగా మా ఊరు గుర్తొచ్చింది. రెడ్ రివర్ లోయలో ఉన్న మట్టిని ఫార్గో క్లే అంటారు, నేలల వర్గీకరణలో అది వెర్టిసాల్, మన నల్లరేగడి కూడా వెర్టిసాలే. తడిస్తే ఉబ్బి జిగటవుతుంది, ఆరితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. శనగ రైతు వర్షాకాలం పోయాక భూమిలో మిగిలిన పదును మీదే పంట తీస్తాడు కాబట్టి ఆయనకి ఆ ప్రశ్న పుట్టింది. అదే జాతి మట్టి ఇక్కడ మంచు కింద ఉంది, అంతే తేడా.

అక్టోబర్, నవంబర్: పదును చూసి రాసి పెట్టుకోండి

మొదటి పని సులువు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మీ ఊళ్ళో పడ్డ వాన మామూలు కన్నా ఎక్కువా తక్కువా అన్నది నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ) స్థానిక కార్యాలయం పేజీలో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. అమెరికా కరవు మ్యాప్, అదే డ్రౌట్ మానిటర్, వారం వారం వస్తుంది, నవంబర్ మధ్యలో మీ కౌంటీ ఏ రంగులో ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

రోడ్డు మీద కూడా తెలుస్తుంది. అక్టోబర్‌లో ఈ లోయంతా చక్కెర దుంపల కోత. మామూలు ఏడాదైతే లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. లారీలు ఆగిపోయాయంటే, పొలం గట్ల దగ్గర ట్రాక్టర్లు కూరుకుపోయి ఉన్నాయంటే నేల నిండిపోయిందని అర్థం. 2019లో అలాగే అయింది, బురద వల్ల, చలి వల్ల ఎన్నో ఎకరాల దుంప తవ్వకుండానే భూమిలో ఉండిపోయింది.

ఇక మీ పెరట్లో. నేల గట్టిపడక ముందు, అంటే అక్టోబర్ ఆఖరుకల్లా, పారతో జానెడు లోతు తవ్వి అడుగు మట్టిని పిడికిట్లో గట్టిగా నొక్కండి. పొడిపొడిగా రాలిపోతే ఆరి ఉన్నట్టు. ముద్దయి, వేళ్ళ ముద్రలు పడి, అరచేతికి తడి అంటకపోతే మధ్యస్థం. నొక్కగానే చేతికి నీటి చెమ్మ తగిలితే, వేళ్ళ మధ్య సాగదీస్తే పట్టీలా సాగుతుంటే, నిండుగా ఉన్నట్టు. తేదీ వేసి రాసుకోండి. మార్చిలో మీరు వెతికే మొదటి కాగితం ఇదే అవుతుంది. (లోతుగా తవ్వాల్సి వస్తే మాత్రం ముందు 811కి ఫోన్ చెయ్యండి, గ్యాసు పైపులు, కేబుళ్ళు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.)

వెదర్ సర్వీస్ వాళ్ళు ఇదే పనిని విమానం మీద నుంచి చేస్తారు, అది తెలిసినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. మట్టిలో సహజంగా ఉండే పొటాషియం, యురేనియం, థోరియం నుంచి గామా కిరణాలు వస్తుంటాయి. అడ్డంగా నీరుంటే ఆ కిరణాలు తగ్గుతాయి. చిన్న విమానం నేలకి 500 అడుగుల ఎత్తున, ముందే గీసుకున్న దారుల్లో ఎగురుతూ ఆ కిరణాలు లెక్కపెడుతుంది. మంచు పడక ముందు ఎగిరితే పై 20 సెంటీమీటర్ల మట్టిలో తేమ ఎంతో తెలుస్తుంది. చలికాలంలో అదే దారిలో మళ్ళీ ఎగిరితే, తగ్గిన లెక్కని బట్టి పైన పేరుకున్న మంచులో నీరెంతో తెలుస్తుంది.

ఈ పదును సంగతి ఎంత తేడా తెస్తుందో రెండు ఏళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. 2008 శరదృతువులో ఇక్కడ వానలు దంచికొట్టాయి, నిండిన నేల నిండినట్టే గడ్డకట్టింది, దాని మీద చలికాలం మంచు. 2009 మార్చి 28న ఫార్గో దగ్గర రెడ్ రివర్ 40.84 అడుగులకి చేరింది, ఇప్పటిదాకా అదే రికార్డు. ఊరంతా, స్కూలు పిల్లలు, యూనివర్సిటీ విద్యార్థులు, ఫార్గోడోమ్ స్టేడియంలో చేరి లక్షల ఇసుక బస్తాలు నింపారు. చివర్లో చలి మళ్ళీ బిగిసి కరగడం మందగించింది, అదీ కలిసొచ్చింది. ఇక 2013. దానికి ముందు ఏడాది అమెరికా మధ్య ప్రాంతమంతా కరవు, నేల ఆరిపోయి ఉంది. మంచు మాత్రం బాగా పడింది, ఏప్రిల్ దాకా కరగలేదు కూడా, నది 2009 రికార్డుకి దగ్గరగా పోవచ్చన్న అంచనాలు వచ్చాయి. తీరా చూస్తే ఆ ఎండిన నేల చాలా నీటిని మింగేసి నది 33 అడుగుల చిల్లరతో సరిపెట్టుకుంది. అదీ చిన్న వరదేం కాదు, కానీ 40 అడుగులకీ దానికీ చాలా దూరం.

డిసెంబర్, జనవరి: లోతు, పొర, నడి చలికాలపు వాన

ముందు మంచు పడి తర్వాత చలి బిగిసిందా, ముందు చలి బిగిసి తర్వాత మంచు పడిందా? ఈ వరస చాలా ముఖ్యం. మంచు దుప్పటి లాంటిది. అడుగు మందం మెత్తటి మంచు ముందే పరుచుకుంటే పైన సున్నాకి 25 డిగ్రీల కింద ఉన్నా అడుగున మట్టి అంతగా చల్లబడదు. మంచు లేకుండా రెండు వారాలు గట్టి చలి పెడితే లోతు గబగబా దిగుతుంది. దున్ని వదిలేసిన పొలంలో ఒకలా, ఆకులు పరుచుకున్న చెట్ల కింద ఒకలా ఉంటుంది. చెట్ల కింద తరచుగా గడ్డ రవ్వరవ్వగా, గుల్లగా కడుతుంది, అందులోంచి నీరు బాగానే దిగుతుంది. ఈ లోయలో అడవి తక్కువ, దున్నిన పొలాలే ఎక్కువ, మన కష్టమంతా అందులోనే ఉంది.

లోతు కొలవడానికి ఫ్రాస్ట్ ట్యూబ్ అనే పరికరం వాడతారు. పెద్ద సాంకేతిక విషయమేమీ కాదు, ఇంట్లో చేసుకోవచ్చు. నేలలో నిలువుగా ఒక ప్లాస్టిక్ గొట్టం శరదృతువులోనే పాతేస్తారు, దాని లోపల పారదర్శకంగా ఉన్న సన్నటి గొట్టంలో రంగు నీళ్ళు. నీరు ఐసు అయ్యేటప్పుడు రంగుని బయటికి నెట్టేస్తుంది కాబట్టి గడ్డకట్టిన భాగం తెల్లగా, కట్టని భాగం రంగుతో కనిపిస్తుంది. వారానికోసారి లోపలి గొట్టం పైకి లాగి, తెల్లదనం ఎక్కడిదాకా ఉందో స్కేలుతో చూసి, మళ్ళీ దించెయ్యడమే. కోకోరాస్ అనే స్వచ్ఛంద వాన కొలతల బృందంలో చేరితే ఆ కొలతల్ని వెదర్ సర్వీస్ కూడా చూస్తుంది. ఇలాంటి గొట్టాలు, మట్టి థర్మామీటర్లు మొత్తం పరీవాహకంలో చాలా తక్కువ చోట్లే ఉన్నాయి, అందుకే మీ పెరటి సంఖ్యకి కూడా విలువుంది.

గొట్టం లేకపోతే సుత్తి, ఉలి చాలు. జనవరిలో ఒకరోజు గోడకి దూరంగా మంచు పక్కకి నెట్టి నేల పైన పలకని గుప్పెడంత కొట్టి తీశాను. రాయిలా ఉంది, కొడితే ఖంగుమంది. లోపలికి తెచ్చి కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే నల్ల మట్టి మధ్య దారాల్లా ఐసు గీతలు మెరుస్తున్నాయి. సాసర్లో పెట్టి వదిలేస్తే అరగంటకి బెడ్డ కూలిపోయి చుట్టూ నీళ్ళు నిలబడ్డాయి, బెడ్డలో మూడో వంతు నీరే అనిపించింది. అదే ఆరిన ఏడాది కొట్టి తీసిన బెడ్డ అంచులు గుల్లగా రాలాయి, సాసర్లో చెమ్మ తప్ప నీళ్ళు లేవు. ఏ పుస్తకమూ చెప్పనంత బాగా ఆ రెండు సాసర్లు నాకు విషయం చెప్పాయి. మీరూ చేసి చూడండి.

ఇంకొక్క ప్రమాదం. ఆరిన నేల కదా అని నవంబర్‌లో నిశ్చింతగా ఉన్నాక జనవరిలో రెండు రోజులు వెచ్చబడి వాన పడొచ్చు, లేదా మంచు పై పొర కరగొచ్చు. ఆ నీరు నేల పై సందుల్లోకి దిగి, మళ్ళీ చలి రాగానే అక్కడే ఐసై కూర్చుంటుంది. లోపలంతా ఖాళీగా ఉన్నా పైన మూత పడినట్టే. అలాంటి రోజు వస్తే మీ అక్టోబర్ కాగితం మీద దాని తేదీ కూడా రాసుకోండి, ఆ తర్వాత మీ నేలని తడి నేల కిందే లెక్కేసుకోండి.

ఫిబ్రవరి: మంచు ఎత్తు కాదు, అందులో నీళ్ళు

టీవీలో ఇన్ని అంగుళాల మంచు అంటారు, అది వరదకి పనికొచ్చే సంఖ్య కాదు. కొత్తగా పడ్డ మెత్తటి మంచు 10 అంగుళాలు కరిగితే దాదాపు అంగుళం నీరు, నెలల తరబడి నొక్కుకుపోయిన మంచులో అదే ఎత్తుకి రెండు మూడు అంగుళాలు కూడా ఉండొచ్చు. కొలవడం సులువే. నిలువు గోడలున్న డబ్బాని బోర్లించి మంచులోకి నేల తగిలే దాకా దించి, కింద రేకు పెట్టి అలాగే ఎత్తి, లోపలికి తెచ్చి కరగనిచ్చి డబ్బాలో నీరెన్ని అంగుళాలుందో స్కేలుతో చూడండి. గాలికి పోగుపడ్డ దిబ్బ దగ్గర గానీ, ఇంటి గోడ పక్కన గానీ తియ్యకండి, నాలుగైదు చోట్ల తీసి సగటు చూడండి.

ఎకరం మీద అంగుళం నీరంటే లక్ష లీటర్లకి పైనే. నాలుగంగుళాలంటే నాలుగు లక్షలు, అంటే మన ఊళ్ళల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనభైకి పైగా, ఒక్క ఎకరానికి. ఆరిన నేల ఇందులో పెద్ద భాగం తాగేస్తుంది, కాంక్రీట్ ఫ్రాస్ట్ ఉన్న నేల దాదాపు అంతా కాలవలోకి వదిలేస్తుంది.

ఫిబ్రవరిలోనే చెయ్యాల్సిన పని ఇంకోటుంది, ఆలస్యం చేస్తే దాని ఉపయోగం పోతుంది. మామూలు ఇంటి బీమా, అద్దెదారుల బీమా వరద నష్టానికి వర్తించవు. ప్రభుత్వ వరద బీమా విడిగా తీసుకోవాలి, తీసుకున్నాక సాధారణంగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. నది పెరుగుతుందని వార్త చూసి కడితే ఆ వరదకి అది ఉపయోగపడదు. అద్దెకున్నవాళ్ళు కూడా సామానుకి తీసుకోవచ్చు, కాకపోతే బేస్‌మెంట్‌లో ఉన్న సామానుకి పరిమితులు చాలా ఉంటాయి, సంతకం పెట్టే ముందు ఏజెంటుని ఆ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. మురుగు పైపు వెనక్కి తన్నితే వచ్చే నష్టానికి మీ మామూలు పాలసీకి అదనంగా చేర్పించుకునే వీలు ఉండొచ్చు, అది కూడా అడగండి.

మార్చి: పగలు కాదు, రాత్రి చూడండి

ఇక్కడి పాతకాపులు మార్చి రాగానే రాత్రి ఉష్ణోగ్రతే చూస్తారు. పగలు 40 ఫారన్‌హీట్ దాటి, రాత్రి 20ల్లోకి దిగుతుంటే చాలా మంచిది. పగలు కొంచెం కరుగుతుంది, రాత్రి ఆగుతుంది, నదికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, నేల పైపొర కూడా మెల్లిగా తెరుచుకుంటుంది. రాత్రి కూడా నీరు గడ్డకట్టే 32 పైనే ఉండిపోతే నీరు ఆగకుండా వస్తుంది. మోటుగా లెక్కేసుకోవాలంటే, రోజు సగటు సున్నాకి పైన ప్రతి సెల్సియస్ డిగ్రీకి 2 నుంచి 5 మిల్లీమీటర్ల నీరు కరుగుతుంది. సగటు 5 డిగ్రీలుంటే రోజుకి 10 నుంచి 25 మిల్లీమీటర్లు. మంచులో 100 మిల్లీమీటర్ల నీరుంటే, వేగంగా కరిగితే నాలుగు రోజుల్లో ఖాళీ.

ఎండ కన్నా తేమ గాలి ప్రమాదం. వెచ్చటి తేమ గాలి మంచు మీదుగా పోతూ ఆవిరిని నీరుగా వదిలితే, ఆ వదిలే వేడికి ఒక్క లీటరు నీరు ఏడు లీటర్లకి పైగా మంచుని కరిగించగలదు. అందుకే వాతావరణం యాప్‌లో డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 32 దాటి నిలబడి, దాని మీద వాన కూడా చెప్తుంటే ఆ రోజుని సీరియస్‌గా తీసుకోవాలి. 2019 మార్చి 13, 14 తేదీల్లో నెబ్రాస్కాలో జరిగింది ఇదే. నేల గడ్డకట్టి ఉంది, పైన మంచు ఉంది, బాంబ్ సైక్లోన్ అని పిలిచిన పెద్ద తుఫాను వెచ్చటి గాలితో వాన తెచ్చింది. నేలలోకి చుక్క దిగే దారి లేదు. వాన, మంచు నీరు కలిసి ఒకేసారి నదుల్లో పడ్డాయి, నదుల మీది ఐసు పలకలు విరిగి నీటితో పాటు కదిలాయి. నయోబ్రారా నది మీద 1927 నాటి స్పెన్సర్ డ్యామ్ 14వ తేదీన కొట్టుకుపోయింది. ఫ్రీమాంట్ ఊరికి అన్ని దారులూ తెగి దీవి అయింది, ఒమాహా పక్కన ఆఫట్ వైమానిక స్థావరంలో మూడో వంతు మునిగింది. వాన మొత్తం చూస్తే మన వర్షాకాలంలో ఒక మంచి వాన అంత, అంతకన్నా ఎక్కువేమీ కాదు.

నేల కరిగే తీరు కూడా మోసం చేస్తుంది. పై నుంచి, కింది నుంచి రెండు వైపులా కరుగుతుంది, మధ్యలో పలక చివరిదాకా ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని రెండు రోజులకోసారి నేలలో గుచ్చండి. మూడంగుళాలు వెన్నలా దిగి టక్కుమని ఆగిందంటే పైన బురద, కింద ఇంకా పలకే. నేల మెత్తబడింది కదా, ఇక ఇంకుతుందిలే అనుకునేది సరిగ్గా ఈ వారమే, పడ్డ వానంతా పారేది కూడా ఈ వారమే. స్క్రూడ్రైవర్ పిడిదాకా ఎక్కడ గుచ్చినా దిగే దాకా నేలని నమ్మకండి.

అంచనా పేజీ చదవడం

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అన్నది మనకి చిన్నప్పటి నుంచి అలవాటే. ఇక్కడా అదే పద్ధతి. ఫార్గోలో నది మట్టం కొలిచే గేజీ దగ్గర 18 అడుగులు వరద మొదలు, 25 మధ్యస్థం, 30 పెద్ద వరద. ఆ అడుగులు ఆ గేజీ సున్నా నుంచి లెక్క, నది లోతు కాదు, గ్రాండ్ ఫోర్క్స్ అడుగులతో పోల్చకూడదు, అక్కడ 28కి గానీ వరద మొదలవదు. మీ ఇంటికి లేదా మీ వీధికి ఏ మట్టం దగ్గర నీరొస్తుందో సిటీ ముంపు మ్యాప్‌లో చూసి ఆ ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకోండి.

జనవరి చివర్నుంచి వసంత వరద అంచనాలు వస్తాయి. వీటిని మిన్నెసోటాలో చాన్‌హాసెన్ అనే ఊళ్ళో ఉన్న నార్త్ సెంట్రల్ రివర్ ఫోర్‌కాస్ట్ సెంటర్ తయారుచేస్తుంది. ఈ రోజు నేల తడి ఎంత, మంచులో నీరెంత, గడ్డ ఎంత అన్నది మోడల్‌లో పెట్టి, ఇక్కణ్ణుంచి 1950 వాతావరణం వస్తే నది ఎంతకి పోతుంది, 1951ది వస్తే ఎంతకి అని గడిచిన దశాబ్దాలన్నీ ఒక్కొక్కటిగా నడిపిస్తారు. అన్ని జవాబుల్నీ వరసగా పేర్చి, సగం ఇంతకన్నా ఎక్కువ, పదిలో ఒకటి ఇంతకన్నా ఎక్కువ అని శాతాలు ఇస్తారు. చాలామంది 50 శాతం సంఖ్య చూసి అదే వస్తుందనుకుంటారు. నా పద్ధతి చెప్తాను: ఇల్లు సర్దుకోవడానికి 10 శాతం సంఖ్య చూడండి, ప్రయాణాలు, పార్కింగ్ లాంటి చిన్న వాటికి 50 శాతం చాలు. అదే పట్టికలో మామూలు ఏళ్ళ శాతాలు కూడా పక్కన ఉంటాయి. ఈ ఏటి శాతం మామూలు కన్నా ఎంత పెరిగిందో చూస్తే నేల, మంచు కలిసి ఏం చెప్తున్నాయో తెలిసిపోతుంది.

ఒక్క సంఖ్యని పట్టుకుంటే ఏమవుతుందో 1997లో గ్రాండ్ ఫోర్క్స్ చూసింది. ఎనిమిది మంచు తుఫాన్ల చలికాలం అది. ఫిబ్రవరి నుంచి ఊరికి వినబడిన సంఖ్య 49 అడుగులు. దాని మీద ఇంకొంచెం వేసుకుని 52 దాకా కరకట్టలు పెంచుకున్నారు. ఏప్రిల్‌లో నది 54.35కి వచ్చింది. కట్టలు తెగి, దాదాపు ఊరంతా ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, మునిగిన డౌన్‌టౌన్‌లోనే మంటలంటుకుని 11 భవనాలు కాలిపోయాయి. ఆ తేడాకి గడ్డ నేల ఒక్కటే కారణం కాదు, కానీ ఎంత అటూ ఇటూ కావచ్చో ఊరికి ముందే తెలిసి ఉంటే ఇంకో రెండడుగుల కోసం ఆలోచించేవాళ్ళు. శాతాల పద్ధతి మీద అందరికీ పట్టింపు పెరిగింది ఆ తర్వాతే.

గడ్డ నేల దగ్గర మోడల్ ఎక్కడ తడబడుతుందో కూడా తెలుసుకోవాలి. చాలాకాలంగా వాడుకలో ఉన్న శాక్రమెంటో మోడల్ మట్టిని రెండు మూడు తొట్లుగా ఊహిస్తుంది, పై తొట్టి నిండితే నీరు పారుతుంది. గడ్డ సంగతి చెప్పడానికి గాలి ఉష్ణోగ్రత, మంచు మందం నుంచి ఒక సూచిక లెక్కేసి, అది పెరిగిన కొద్దీ కిందికి దిగే నీటిని తగ్గిస్తారు. అది లెక్క, మట్టిలో ఎవరూ వేలు పెట్టి చూసింది కాదు. ఒక పొలంలో గచ్చు, పక్క పొలంలో నెర్రె అన్న తేడా దానికి అందదు. ఇంకా, ఈ లోయ ఒకప్పటి అగసీ అనే పెద్ద హిమానీ సరస్సు అడుగు, మైలుకి అడుగు వాలు కూడా లేదు. పైగా నది ఉత్తరానికి పారుతుంది. దక్షిణాన ముందు కరిగిన నీరు ఇంకా గడ్డగానే ఉన్న ఉత్తరానికి చేరి ఐసు పలకల వెనక ఆగుతుంది, మట్టం గంటల్లో మారిపోతుంది. అందుకే మార్చి మూడో వారం నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. మీ అక్టోబర్ కాగితం, సాసర్, స్క్రూడ్రైవర్ అంచనాకి ఎదురు చెప్తుంటే మీ వాటిని నమ్మి అంచనాని వదిలెయ్యమని నేననను. రెండిట్లో ఏది ఎక్కువ ప్రమాదం చూపిస్తుందో దానికి సిద్ధపడండి. మీ కొలతల్ని స్థానిక కార్యాలయానికి పంపండి కూడా, తీసుకుంటారు.

నీరు నది నుంచే రానక్కర్లేదు

నదికి మూడు మైళ్ళ దూరంలో ఉన్నాం కదా అనుకోకండి. ఈ చదును నేలలో కరిగిన నీరు ముందు పొలాల మీద చెరువులా నిలిచి, సెక్షన్ రోడ్ల (పొలాల మధ్య మైలుకొకటి చొప్పున ఉండే రోడ్లు) అంచుల వెంట దారి వెతుక్కుంటుంది. కల్వర్టుల్లో ఐసు బిగుసుకుని ఉంటే రోడ్డు దాటేస్తుంది. గేజీ దగ్గర అంచనా ఈ నీటి గురించి ఏమీ చెప్పదు. మీ ఇంటి చుట్టూ నాలుగు వైపులా తిరిగి వాలు ఎటుందో, మంచు దిబ్బ గోడకి ఆనుకుని ఉందా అన్నది చూడండి. ఉంటే ఫిబ్రవరి చివర్లోనే పారతో ఐదారడుగుల దూరం నెట్టెయ్యండి. గోడ పక్కన కరిగే మంచుకి గోడ వెంబడి ఉన్న సన్నటి సందు తప్ప ఇంకో దారి లేదు, అది నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగుతుంది. మా మొదటి ఇంట్లో కార్పెట్ తడిసింది అలాగే, ఆ రోజు నది వరద మట్టానికి దరిదాపుల్లో కూడా లేదు.

సంప్ పంప్, అంటే బేస్‌మెంట్ అడుగున గుంటలో చేరే నీటిని బయటికి తోడే పంపు, ఉంటే ఒక బకెట్ నీళ్ళు గుంటలో పోసి తిరుగుతుందో లేదో చూడండి. బయటికెళ్ళే గొట్టం చివర ఐసుతో మూసుకుపోయి ఉండొచ్చు, దానివల్ల పంపు కాలిపోవచ్చు. వేడి నీళ్ళు పోసి తెరవండి, నీరు గోడకి దూరంగా వాలు వైపు పడేలా గొట్టం పొడిగించండి. పాస్‌పోర్టులు, ఐ-20 కాగితాలు, సర్టిఫికెట్లు పై అంతస్తు స్నేహితుల ఇంట్లో పెట్టండి. లాప్‌టాప్ కొనుక్కోవచ్చు, యూనివర్సిటీ చుట్టూ తిరిగి ఒరిజినల్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

ఒకవేళ నీరు వచ్చేసిందనుకోండి. కరెంటు ఆపారని రూఢి అయ్యే దాకా ఆ నీళ్ళలో కాలు పెట్టకండి. తర్వాత అంతా ఒకేసారి తోడెయ్యాలన్న ఆత్రం పుడుతుంది, బేస్‌మెంట్ నిండా నీళ్ళున్నప్పుడు అది చెయ్యకూడదు. బయట మట్టి అప్పుడే కరిగి పూర్తిగా నీరు పట్టి గోడని లోపలికి తోస్తుంటుంది, లోపలి నీరే దానికి ఎదురు నిలబడుతోంది. అది ఒక్కసారిగా తీసేస్తే గోడ కూలిపోవచ్చు. బయట నీరు నేల మట్టం కన్నా తగ్గాక మొదలుపెట్టి, గోడ మీద గీత గీసుకుని, రోజుకి మూడో వంతు చొప్పున తోడండి. మర్నాటికి నీరు మళ్ళీ ఆ గీత దాటి పైకొచ్చిందంటే బయట నేల ఇంకా నిండుగానే ఉందన్నమాట, పంపు ఆపి ఇంకో రోజు ఆగండి.